కప్పు పిలిచే ముందు గేటు బయట చూడండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో పాఠకుల ఉత్తరాలు పొద్దున కాఫీతో పాటే చదివేస్తా, ఎప్పుడూ రాయలేదు గానీ ఈమధ్య ఫుట్‌బాల్ మీద వరసగా వస్తున్న ఉత్తరాలు చూసినాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆసియా కప్పు మన దేశంలో పెట్టాలంట, అందులో సెమీఫైనలన్నా మన బెంగళూరుకి రావాలంట, దానికోసం ఊరి బయట లక్ష మంది పట్టే స్టేడియం కట్టాలంట. ఒకాయనైతే ఇంకా ముందుకెళ్లి వరల్డ్ కప్పే అడుగుదాం అని రాసినాడు. ఆశపడటంలో తప్పేం లేదు సార్, కానీ ఇన్ని ఉత్తరాల్లో ఒక్కరు కూడా గేటు గురించి రాయలేదు. జనం లోపలికి ఎట్లా పోతారు, బయటికి ఎట్లా వస్తారు, వచ్చినాక ఇంటికి ఎట్లా చేరతారు, ఈ మూడూ తేలకుండా కప్పులు పిలిపించుకుంటే మనకి పేరు రాదు, కేసులు వస్తాయి.

నాది హిందూపురం పక్కన పల్లె, బెంగళూరు వచ్చి స్థిరపడి చాలా ఏండ్లయింది, కె.ఆర్.పురంలో షామియానా సప్లయర్స్ నడుపుతా. టెంట్లు, కుర్చీలు, జనరేటర్లు, బ్యారికేడ్లు. పెళ్లిళ్లతో మొదలుపెట్టినా, తర్వాత రాజకీయ మీటింగులు, మారథాన్లు, మ్యాచ్‌లు కూడా వచ్చినాయి. కాబట్టి ఆట వైపు నుంచి నేను మాట్లాడను (దానికి మా పిల్లోడున్నాడు, యూరోప్ మ్యాచ్‌లన్నీ రాత్రంతా మేలుకొని చూసి పొద్దున కాలేజీకి ఎగ్గొడతాడు), జనం వైపు నుంచి మాట్లాడతా.

ముందు లెక్క చెప్తా. ఇంగ్లాండులో స్టేడియాల భద్రతకి గ్రీన్ గైడ్ అని ఒకటుంది, స్కాట్లాండులో ఇబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 1971లో 66 మంది నలిగి చనిపోయినాక, 1973లో మొదటిసారి తెచ్చినారు, అప్పట్నుంచి మారుస్తూ వస్తున్నారు. మా లాంటి పనుల్లో ఉన్నోళ్లకి అది చాలా పనికొస్తుంది. అందులో ఏమంటారంటే, ఒక ఎంట్రీ దారిలో గంటకి 660 మందికి మించి లెక్క వేసుకోవద్దు అంటారు. అట్లాగే బయటికి వచ్చేటప్పుడు సమతలంగా ఉన్న దారిలో ఒక మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది, మెట్లయితే 66 మంది, మొత్తం 8 నిమిషాల్లో స్టాండ్లలోంచి జనం బయటపడాలి అంటారు. ఇప్పుడు బెంగళూరులో ఫుట్‌బాల్ జరిగే మన కంఠీరవ స్టేడియం తీసుకోండి, 25 వేల మంది అనుకోండి. గంటలో అందరూ లోపలికి పోవాలంటే 38 దారులు కావాలి. 8 నిమిషాల్లో బయటికి రావాలంటే నేల మీద దారులన్నీ కలిపి 38 మీటర్ల పైన వెడల్పు కావాలి, మెట్ల దగ్గరైతే 47 మీటర్ల పైన. రెండు సైకిళ్లు పక్కపక్కన పోయేంత గేటు చూపించి ఇది ఎగ్జిట్ అంటే కుదరదు.

పైగా ఆ 660 అనేది టికెట్ చూపించి తోసుకొని పోయే దేశం లెక్క. మన దగ్గర టికెట్ స్కానింగ్ ఒక్కటే కాదు కదా, ఒళ్లంతా తడమాలి, ఆడోళ్లకి వేరే లైను, నీళ్ల బాటిల్ పడేయమంటారు, చిల్లర పైసలు పడేయమంటారు, పవర్ బ్యాంక్ వద్దంటారు. ఇంక హెల్మెట్లు. ఇది బయట ఊరోళ్లకి అర్థం కాదు, బెంగళూరులో సగం మంది బండ్ల మీద వస్తారు, వెనకాల కూర్చునేవాళ్లకీ హెల్మెట్ కంపల్సరీ, లోపలికి హెల్మెట్ పోనీరు. అప్పుడేమైతుంది, గేటు ముందర ప్రతి రెండో మనిషి సెక్యూరిటీతో వాదన పెట్టుకుంటాడు, ఒకాయన వెనక్కి తిరుగుతాడు బండి దగ్గరికి పోదామని, ఆయన వెనకాల 300 మంది ముందుకొస్తుంటారు. తొక్కిసలాటకి అసలు బీజం ఇదే సార్, ఒకడు వెనక్కి తిరగడం. గేటుకి 100 మీటర్ల ముందే టోకెన్ ఇచ్చి హెల్మెట్లు పెట్టుకునే కౌంటరు వేస్తే అయిపోయే పని. ఎవరూ వేయరు. గోడ పక్కన ఎవడో ఒక కుర్రాడు 50 రూపాయలు తీసుకొని దుప్పటి మీద పేర్చి పెట్టుకుంటాడు, మ్యాచ్ అయినాక ఎవరి హెల్మెట్ ఎవరిదో తెలీదు.

బ్యారికేడ్ల గురించి కూడా చెప్తా, ఇది నా సొంత సరుకు కాబట్టి. వరసగా నిలబెడితే జనం తోపుకి జరిగిపోతాయని మా పిల్లోళ్లు ఒకదాన్నొకటి కట్టుడు తీగతో బిగించేస్తారు. పనిగా చూస్తే బాగానే ఉంటుంది, గట్టిగా ఉంటుంది, ఆర్గనైజర్లు కూడా మెచ్చుకుంటారు. కానీ ఏదన్నా అయిందనుకోండి, ఆ వరస తెరవాలంటే కటింగ్ ప్లేయరు కావాలి, ప్లేయరు ఉన్నోడు ఆ టైమ్‌లో ఎక్కడో బిర్యానీ పొట్లం కోసం లైన్లో ఉంటాడు. అందుకే నేను మా వాళ్లకి ఏం చెప్తానంటే, ప్రతి 10 బ్యారికేడ్లకి ఒకటి తీగ లేకుండా కొక్కెంతో పెట్టండి, దాని పక్కన ఒక మనిషి, వాడికి విజిలు, వాడు కదలకూడదు. దానికి మనిషి కూలి ఎక్కువైతుంది. ఆర్గనైజర్లు బేరమాడేది ముందు ఆ మనిషి దగ్గరే. ఒక పెద్ద ప్రోగ్రాంలో (పేరొద్దు) సాయంత్రం 4 గంటలకి పైనుంచి ఫోన్ వచ్చింది, ఫలానా గేటు వీఐపీలకి ఇచ్చేయండి అని, పబ్లిక్‌కి ఉన్న గేట్లలో ఒకటి ఎగిరిపోయింది, టికెట్ల మీద మాత్రం ఆ గేటు నంబరే అచ్చయి ఉంది. జనం వచ్చి చదువుకొని అక్కడికే పోతారు కదా, వాళ్ల తప్పేముంది.

2025 జూన్ 4న చిన్నస్వామి క్రికెట్ స్టేడియం బయట తొక్కిసలాటలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 11 మంది పోయినారు. లోపల కాదు, బయట. గేట్ల దగ్గర. నేను అంతకుమించి రాయను, ఆ కుటుంబాలు ఇంకా ఈ ఊర్లోనూ, చుట్టుపక్కలా ఉన్నాయి. కానీ దాని తర్వాత జరిగింది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి, ఆ ఏడాదే మహిళల క్రికెట్ వరల్డ్ కప్పు మ్యాచ్‌లు మన ఊర్లో జరగాల్సినవి నవీ ముంబైకి పోయినాయి. మన అమ్మాయిలు కప్పు గెలిచింది కూడా అక్కడే, డి.వై.పాటిల్ స్టేడియంలో. ఆ రాత్రి మనం టీవీలో చూసి టపాసులు కాల్చినాం. పిచ్ బాగాలేక పోలేదు, సీట్లు లేక పోలేదు, గేటు బయట జనాన్ని చూసుకునే ఏర్పాటు మీద నమ్మకం లేక పోయింది. ఇంటర్నేషనల్ టోర్నీ చేజారిపోవడం అంటే ఇట్లానే ఉంటుంది.

ఇదంతా మన దరిద్రం, ఫారిన్‌లో ఇట్లా ఉండదు అనుకునేవాళ్లు ఉన్నారు, అదీ తప్పే. 2021 జులైలో లండన్ వెంబ్లీ స్టేడియంలో యూరో (యూరోప్ దేశాల కప్పు) ఫైనలు, ఇంగ్లాండు ఇటలీ మ్యాచ్, టికెట్లు లేనోళ్లు 2 వేల మంది దాకా గేట్లు తోసుకొని లోపలికి పోయినారు. తర్వాత ఎంక్వయిరీ వేసినారు, ఇంగ్లాండుకి శిక్షగా ఒక మ్యాచ్ ప్రేక్షకులకి తలుపులు మూసి ఆడించినారు. 2024లో కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్పు) ఫైనలు, అర్జెంటీనా కొలంబియా, మయామీలో అయింది, టికెట్ లేని జనం గేట్ల మీద పడటంతో మ్యాచ్ 80 నిమిషాల పైన లేటుగా మొదలైంది. అమెరికా సార్, వాళ్ల దగ్గర డబ్బు లేదా, స్టేడియం లేదా? గ్రీన్ గైడ్ పుట్టిన ఇంగ్లాండులోనే అట్లా అయిందంటే ఇంక మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి. వెంబ్లీలో లోపం ఏందంటే గేటుకి దూరంగా వేసిన వలయం గట్టిగా లేదు, టికెట్ లేనోడు కూడా గోడ దాకా వచ్చేయొచ్చు, వచ్చినాక ఎవడాపుతాడు.

అదే జర్మనీ వాళ్లు 2024 యూరోకి ఇంకో వైపు నుంచి ఆలోచించినారు. 24 టీమ్‌లు, 51 మ్యాచ్‌లు, 10 ఊర్లు, మన ఆసియా కప్పు కూడా సరిగ్గా అదే సైజు, 24 టీమ్‌లు 51 మ్యాచ్‌లు. మ్యాచ్ టికెట్ ఉంటే ఆ ఊర్లో 36 గంటలు లోకల్ రైళ్లు బస్సులు ఫ్రీ. దీన్ని చాలామంది జనానికిచ్చిన గిఫ్టు అనుకుంటారు, అది గిఫ్టు కాదు, కార్లు రాకుండా చేసే ఉపాయం, పైగా జనం ముందుగానే వచ్చి మెల్లగా పోతారు, అందరూ ఒకేసారి ఎగబడరు. అట్లా చేసినా గెల్జన్‌కిర్షెన్‌లో సెర్బియా ఇంగ్లాండు మ్యాచ్ అయినాక ట్రాములు చాలక జనం గంటల తరబడి నిలబడి తిట్టుకున్నారు. అంత ప్లాన్ చేసినోళ్లకే ఒక ఊర్లో తప్పింది.

మన ఊరి సంగతి చూద్దాం. కంఠీరవకి మెట్రో దగ్గరే, విధాన సౌధ స్టేషన్, కబ్బన్ పార్క్ స్టేషన్ రెండూ నడిచి పోవచ్చు, ఇంత మంచి చోటు ఇండియాలో ఎన్ని స్టేడియాలకి ఉంది చెప్పండి. కానీ క్రికెట్ ఉన్న రోజు మెట్రో టైమ్ పెంచినట్టు ఫుట్‌బాల్‌కి పెంచాలని అడిగేవాళ్లు తక్కువ. మ్యాచ్ ఏడున్నరకి మొదలైతే తొమ్మిదిన్నరకి అయిపోతుంది, ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు అయితే పది దాటుతుంది. 2023 శాఫ్ (దక్షిణాసియా ఫుట్‌బాల్ టోర్నీ) ఫైనలు ఇక్కడే కదా, ఇండియా కువైట్ 1-1, పెనాల్టీల్లో 5-4, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆఖరి షాట్ ఆపినాడు, ఆ గోలలో స్టేడియం అంతా ఒకేసారి లేచింది. వాళ్లందరూ మెట్రో ఎస్కలేటర్ దగ్గరికి ఒకేసారి వస్తే ఏం చేయాలి అనేది ముందే రాసి పెట్టుకోవాలి, స్టేషన్ గేటు బయటే ఆపి బ్యాచ్‌లుగా వదలాలి, ఆ లైను ఫుట్‌పాత్ మీద ఎంత దూరం సాగుతుందో ముందే సున్నంతో గీత గీసి పెట్టుకోవాలి. ఇవేం రాకెట్ సైన్స్ కాదు, తిరుపతిలో దశాబ్దాలుగా కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి బ్యాచ్‌లుగా వదులుతున్నారు, మన తెలుగోళ్లకి తెలిసిన పనే, అక్కడ కూడా కంపార్ట్‌మెంట్ల బయట, టోకెన్ల దగ్గరే ప్రమాదం జరిగింది 2025 జనవరిలో. మళ్లీ అదే, లోపల కాదు, బయట.

శాఫ్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ టోర్నీలో మొదటి రోజే ఇండియా పాకిస్తాన్ మ్యాచ్, వాళ్లకి వీసాలు లేటయి, మారిషస్ నుంచి మ్యాచ్ రోజే బెంగళూరులో దిగినారు, సాయంత్రం ఆడినారు, మనోళ్లు 4-0 గెలిచినారు, ఛెత్రి హ్యాట్రిక్. మనకి సంతోషమే గానీ అట్లా ఆడించడం ఆతిథ్యం కాదు. ఆసియా కప్పు అంటే 24 దేశాలు, వాటిలో ఒకదానికొకటి పడనివి ఎన్నో ఉంటాయి, ఏ టీమ్ వచ్చినా వీసా ఇస్తాం, జెండా ఎగరేస్తాం, పాట పాడిస్తాం అని ప్రభుత్వం ముందే రాసివ్వాలి. 2023లో ఇండోనేషియాకి అండర్-20 వరల్డ్ కప్పు ఎందుకు పోయింది? ఇజ్రాయెల్ టీమ్ రావద్దని గొడవ లేచింది, ఫిఫా టోర్నీ ఎత్తుకెళ్లి అర్జెంటీనాకి ఇచ్చింది, స్టేడియాలు రెడీగా ఉండి కూడా. దానికి ఆరు నెలల ముందు అదే దేశంలో కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు టియర్ గ్యాస్ వదిలితే జనం మూసిన, ఇరుకు గేట్ల మీద పడి 135 మంది చనిపోయినారు. మళ్లీ గేట్లే.

మనకి చేతకాదు అని నేను అనటం లేదు సార్. 2017లో అండర్-17 వరల్డ్ కప్పు మన దేశంలో జరిగింది, ఢిల్లీ, కోల్‌కతా, నవీ ముంబై, గోవా, కొచ్చి, గువాహటి. 13 లక్షల మంది పైన చూసినారు, ఆ టోర్నీ చరిత్రలోనే రికార్డు. అందులో నాకు నచ్చింది ఆ రికార్డు కాదు, కొచ్చి. ఆ స్టేడియంలో మామూలుగా ఎంత మందిని కుక్కుతారో మనకి తెలుసు, ఫిఫా వాళ్లొచ్చి ఖాళీ చేయడానికి దారులు చాలవని చెప్పి సీట్లు 29 వేల దగ్గరకి దించేసినారు. టికెట్లు అమ్ముకునేవాళ్లకి కడుపు మండి ఉంటుంది, కానీ అదీ ప్లానింగ్ అంటే, గేట్లు ఎంతుంటే సీట్లు అంతే. ఇంకోటి గువాహటి, వానకి గడ్డి పాడైపోతే బ్రెజిల్ ఇంగ్లాండు సెమీఫైనలు రెండు రోజుల ముందు కోల్‌కతాకి మార్చినారు, టికెట్లు కొన్నోళ్లు ఏడ్చినారు గానీ మ్యాచ్ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. అంటే ప్రతి ఊరికి ఒక స్టెప్నీ ఊరు ఉండాలి. బెంగళూరుకి స్టెప్నీ ఏది? చెన్నై నెహ్రూ స్టేడియమో, మన హైదరాబాద్ గచ్చిబౌలో అయితే బాగుంటుంది, గచ్చిబౌలిలో 2024లో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు పెట్టినారు, సిరియా గెలిచింది. అయినా హైదరాబాద్‌ని స్టెప్నీ అంటే అక్కడి పెద్దోళ్లు కోప్పడతారేమో, రహీమ్ సాబ్ ఊరు అది, 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన కోచ్.

ఇంక కొత్త స్టేడియం. బొమ్మసంద్ర దగ్గర 80 వేల సీట్లతో క్రికెట్‌కి కడతామంటున్నారు, ఉత్తరాలు రాసినోళ్లు ఫుట్‌బాల్‌కి కూడా అట్లాంటిదే కావాలంటున్నారు. అటు ఎల్లో లైన్ మెట్రో 2025 ఆగస్టులో మొదలైంది, మంచిదే, కానీ మొదట్లో 25 నిమిషాలకో రైలు, ఆ లెక్కన 80 వేల మంది ఇంటికి పోవాలంటే తెల్లారుతుంది. అయినా కప్పు అయిపోయినాక అందులో ఎవరాడతారు? బ్రెజిల్ వాళ్లు 2014 వరల్డ్ కప్పుకి అమెజాన్ అడవి మధ్య మనౌస్‌లో 40 వేల సీట్ల స్టేడియం కట్టి 4 మ్యాచ్‌లు ఆడించినారు, ఆ ఊర్లో పెద్ద క్లబ్బే లేదు. బ్రెజీలియాలో కట్టినదాని పార్కింగ్‌లో తర్వాత బస్సులు పెట్టుకున్నారు. ఖతర్ వాళ్లు నయం, 974 కంటైనర్లతో ఒకటి కట్టి, పని అయినాక విప్పేసేట్టు డిజైన్ చేసినారు. మా షామియానా వాళ్ల బుర్ర అది.

నన్నడిగితే కంఠీరవని బాగుచేయండి అంటాను. 1997 నేషనల్ గేమ్స్ కోసం కట్టినది అది. అక్కడ అథ్లెట్లకీ ఫుట్‌బాల్‌కీ మధ్య పంచాయతీ ఏండ్ల తరబడి నడిచి హైకోర్టు దాకా పోయింది. ఇద్దరిదీ న్యాయమే. 2025 జులైలో నీరజ్ చోప్రా అక్కడే జావెలిన్ విసిరి గెలిచినాడు, ఆ ట్రాకు తీసేయమని ఏ నోటితో అంటాం? అట్లాగని ఫుట్‌బాల్‌కి ఈ ఊర్లో ఇంకో చోటు చూపించకుండా పొమ్మంటే ఎట్లా. అలసూరు పక్కన గౌతమపురలో పెలే విగ్రహం పెట్టుకున్న గల్లీ ఉంది, ఆస్టిన్ టౌన్‌లో పొద్దున ఆరింటికి పోతే పిల్లోళ్లు మట్టిలోనే ఆడుతుంటారు. కప్పు వచ్చినాక వాళ్లకి మిగిలేది ఏంది, ప్రాక్టీసు గ్రౌండ్లు. ఇంటర్నేషనల్ టోర్నీకి స్టేడియం ఒక్కటి చాలదు, ప్రతి టీమ్‌కి ట్రైనింగ్ గ్రౌండ్లు ఇవ్వాలి, మంచి గడ్డితో, లైట్లతో. ఆ నాలుగైదు గ్రౌండ్లు బస్తీల పక్కనే చేయండి, కప్పు పోయినా అవి ఉంటాయి.

మన దేశం ఆసియా కప్పు అడగడం కొత్త కాదు, 2027కి అడిగి 2022 డిసెంబరులో వెనక్కి తగ్గింది, అది సౌదీకి పోయింది. 2031కి బిడ్లు వేసిన జాబితా ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) 2025లో చెప్పినప్పుడు అందులో మన పేరుంది. ఆతిథ్యమిచ్చే దేశానికి క్వాలిఫయింగ్ లేకుండా నేరుగా చోటు దొరుకుతుంది, మనోళ్లు 2027కి ఆడి అర్హత తెచ్చుకోలేకపోయినారు కాబట్టి ఈ ఆత్రం కొంత దానికోసమే అని మా పిల్లోడి అనుమానం. నిజమో కాదో గానీ అదే కారణమైతే అంతకంటే ఖరీదైన టికెట్ ఇంకోటుండదు.

మీ పేపర్‌కి నాదొక విన్నపం. కంఠీరవకి ఒక రిపోర్టర్‌ని టేపుతో పంపించండి. ఎన్ని గేట్లున్నాయి, ఒక్కోటి ఎంత వెడల్పు, అవి బయటికి తెరుచుకుంటాయా లోపలికా, మ్యాచ్ రోజు ఎన్నిటికి తాళం వేసి ఉంటుంది, తాళం చెవి ఎవరి జేబులో ఉంటుంది, అంబులెన్స్ ఏ గేటు నుంచి వస్తుంది, ఆ గేటు ముందర ఎవరి కార్లు పార్క్ చేసి ఉంటాయి. కొలిచి ఫోటోలతో వేయండి. చిన్నస్వామికీ, చెన్నైలో నెహ్రూ స్టేడియానికీ కూడా ఇదే చేయండి. టేపు లేకపోతే నా దగ్గర 50 మీటర్లది ఉంది, ఆదివారం ముహూర్తాలు లేకపోతే నేనే వచ్చి ఒక కొస పట్టుకుంటా.

ఇట్లు,
ఒక షామియానా సప్లయర్,
కె.ఆర్.పురం, బెంగళూరు

తా.క. బాత్రూముల గురించి రాయడం మరిచిపోయినా. ఆడోళ్ల బాత్రూములు ఎన్నున్నాయో, వాటిలో నీళ్లు వస్తున్నాయో లేదో కూడా ఆ రిపోర్టర్ రాసుకోవాలి, దానికి ఆడ రిపోర్టర్‌నే పంపించండి.